ఇక్కడ వుందామా, పోదామా?

ఈ వేసవిలో పదిరోజులు యానాంలో మా అన్నయ్యగారింట వున్నాను. మధ్యాహ్నం భోజనాలైన తరువాత అన్నయ్య పడకకుర్చీలో కునుకు తీస్తూండేవాడు. సెలవులకు హైదరాబాదునుంచి వచ్చిన ఆయన మనవడు వీధి అరుగుమీద కంప్యూటరు పెట్టుకొని కూర్చొనేవాడు. తెరమీద ఒక సీమ కనిపించడం, వాడు అందులో నాలుగడుగులు తిరగడం, "బాగాలేదు" అని తీసి పారవేయడం! ఒక్క పూటలో ఏడు లోకాలు పుట్టి గిట్టాయి. ఎనిమిదవది వచ్చేసరికి వుండబట్టలేక, "ఏమిట్రా ఇది?" అన్నాను.

"మైన్‌క్రాఫ్టు, చిన్నతాతయ్యా! ఈ లోకంలో వుందామా, ఇంకొకటి తెప్పిద్దామా అని చూస్తున్నాను."

మన ఇళ్ళలో పిల్లలందరికీ తెలిసి, పెద్దలలో చాలామందికి తెలియని సంగతి గనుక కొంచెం వివరిస్తాను. మైన్‌క్రాఫ్టు స్వీడనులోని మోజాంగ్ సంస్థవారి ఆట. 2011 నవంబరులో పూర్తిరూపంలో విడుదలయినది. ఇందులో లోకాన్ని ఎవరూ ముందుగా చిత్రించి పెట్టలేదు. ఒక సంఖ్య ఇస్తే, దానినిబట్టి లెక్క కట్టి, కొండలు, నదులు, అడవులు, ఎడారులు యంత్రమే కల్పిస్తుంది. కెన్ పెర్లిన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1983లో రూపొందించిన గణితపద్ధతి ఈ కల్పనకు ఆధారాలలో ఒకటి. ఆ సంఖ్యను ఆటగాళ్ళు 'విత్తనం' అంటారు. లోకం ఒక్కసారిగా తయారు కాదు. మనిషి నడిచినకొద్దీ ముందరి నేల ఏర్పడుతూ పోతుంది. ఆ నేల ఈ కొసనుంచి ఆ కొసకు 60,000 కిలోమీటర్లకు సమానం. అంటే భూమి చుట్టుకొలతకు ఒకటిన్నర రెట్లు!

ఇంత నేలలో ఎక్కడ ఆగాలి? కుర్రవాడు తన పరీక్ష చెప్పాడు. దగ్గరలో చెట్లుండాలి. నీరుండాలి. మేకలో, ఆవులో కనబడాలి. బొగ్గు, ఇనుము దొరికే గుహ వుంటే మరీ మంచిది. ఆలోచనకు వ్యవధి తక్కువ. అక్కడి పగలు మన గడియారంలో పది నిమిషాలు. చీకటి పడితే దయ్యాలవంటివి వచ్చి మీద పడతాయి. ఆలోగా కర్రలు కొట్టి గూడు కట్టుకోవాలి. మంచం వేసుకొని పడుకొంటే, ఆ తరువాత ప్రాణం పోయినా తిరిగి ఆ మంచం దగ్గరే కళ్ళు తెరుస్తాడు. మంచం వేసినచోటే ఇల్లన్నమాట.

ఎనిమిదవ లోకంలో వాడు నదీ సముద్రమూ కలిసేచోట నిలబడ్డాడు. "ఏటి ఒడ్డున ఇల్లేమిట్రా?" అన్నాను. "ఇక్కడ వరదలు రావు, చిన్నతాతయ్యా" అన్నాడు.

అన్నయ్య కళ్ళు తెరవకుండానే, "అయితే మనకంటె అదృష్టవంతులే" అన్నాడు.

ఆ మాట వెనుక కథ వున్నది. 2022 జూలై వరదలో గౌతమి నీళ్ళు ఆ ఇంట్లో మోకాలి లోతున నిలిచాయి. అప్పటినుంచి కొడుకులు ఇల్లమ్మి హైదరాబాదు వచ్చేయమంటున్నారు. అన్నయ్య ఊఁ అనడు, ఊహూఁ అనడు.

నిజానికి యానాంకు ఈ ప్రశ్న కొత్తదికాదు. ఫ్రెంచివారు 1723లో ఇక్కడ కోఠీ పెట్టి, వ్యాపారం సాగక కొద్ది సంవత్సరాలకే వదిలి, 1731లో మళ్ళీ వచ్చారు. పొరుగునున్న కోరంగి రేవును 1789లోనూ, 1839లోనూ ఉప్పెనలు ముంచాయి. తరువాత ఒండ్రుమట్టి పూడి ఓడలు రావడం మానివేశాయి. ఆ రేవునుంచి మారిషస్‌కు పోయిన తెలుగువారిని అక్కడ 'కోరంగీలు' అన్నారు. ఒకసారి ఓడ ఎక్కినవారికి, బాగాలేదని ఇంకొక లోకం తెప్పించుకొనే వీలు లేదు.

1954 నవంబరు 1న యానాం పరిపాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చినది. 1956లో వ్రాసుకొన్న ఒప్పందం 1962 ఆగస్టు 16న అమలయినది. ఇక్కడ పుట్టి ఇక్కడే వుంటున్న ఫ్రెంచి పౌరులు భారత పౌరులవుతారు. ఫ్రెంచి పౌరసత్వమే వుంచుకోదలచినవారు ఆరునెలలలో వ్రాసి ఇవ్వాలి. పిల్లవానికి పది నిమిషాలు, వీరికి ఆరునెలలు! కొందరు వ్రాసి ఇచ్చారు. ఎక్కువమంది ఇవ్వలేదు. ఒకే వీధిలో రెండు దేశాల పౌరులు కాపురాలు చేశారు. 1996 నవంబరు 6 తుపాను మాత్రం ఎవరి కాగితాలూ అడగకుండా అందరి కప్పులూ ఎగరగొట్టింది.

మరి మంచి చోటును పోల్చడమెలా? కుర్రవాడే దారి చూపాడు. ఆ ఎనిమిదవ లోకపు సంఖ్యను హైదరాబాదులోని స్నేహితుడికి పంపాడు. ఆట కూర్పు ఒకటే గనుక అదే కొండ, అదే ఏరు వాడికీ వచ్చాయి. వారం తరువాత ఇద్దరివీ పక్కపక్కన చూశాను. అక్కడ కొండమీద కోట, ఇక్కడ ఏటి ఒడ్డున గోధుమచేను, వంతెన, పెంకుటిల్లు. విత్తనం ఒకటే, ఊళ్ళు వేరు.

గోదావరి సంగతీ అంతేగదా! 1832-33లో కరువుతో అల్లాడిన ఈ మండలమే, 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ధవళేశ్వరం ఆనకట్టతో అన్నపూర్ణ అయినది. నది మారలేదు, మనుషులు దానికి చేసిన పని మారినది.

ఇందువల్ల ప్రతివారూ పుట్టినచోటే పాతుకొనిపోవాలని నేననను. అంటే మనమంతా తప్పు చేసినవారమే అవుతాము! మన పెద్దలూ ఎక్కడో ఒకచోట మంచం వేశారు గనుకనే ఈనాడు మనకొక ఊరున్నది. తిరిగి చూడడం తప్పుకాదు. ఏడింటిని పారవేసినవాడు ఎనిమిదవదానిని నమ్మి పని మొదలుపెట్టకపోతే మాత్రం, వాడికి లోకాలెన్ని వున్నా ఇల్లు వుండదు.

నేను బయలుదేరే ఉదయం, "ఇది ఎప్పుడు పారేస్తావురా?" అని వాణ్ణి అడిగాను. వాడు వింతగా చూసి, "మంచం వేశానుగా!" అన్నాడు.

వీధిలో ట్రాక్టరు ఆగినది. అన్నయ్య కండువా భుజాన వేసుకొని దిగాడు. దొడ్డిలో మెరక తోలించి, ఎత్తు పునాదిమీద రెండు గదులు వేయిస్తాడట. తాపీమేస్త్రీ అప్పటికే తాడు పట్టి కొలుస్తున్నాడు.

"పిల్లలకు చెప్పావా?" అన్నాను.

"నువ్వే చెప్పరా, నీ మాట వింటారు" అని మట్టి దింపించడానికి వెళ్ళాడు.