మానని పాత జబ్బు – మూత్రపిండాలకు ముప్పు

కీళ్లవాతం, క్షయ, ఎముకలో చీము, ఊపిరితిత్తుల్లో ఎప్పుడూ కఫం నిలిచే జబ్బు – ఇటువంటివి మనిషిని ఏళ్ల తరబడి పీడిస్తాయి. ‘పాత జబ్బే కదా’ అని ఇంటిల్లిపాదీ అలవాటు పడిపోతారు. కాని అదుపులో లేని ఇటువంటి జబ్బు కొందరిలో మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. దీనిని సెకండరీ అమైలాయిడోసిస్ అంటారు. ఇది అరుదైనదే. అయినా రోగి కుటుంబం దీని గురించి తెలుసుకోవడం అవసరం.

ఎలా వస్తుంది?

శరీరంలో వాపు, చీము, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు కాలేయం సీరం అమైలాయిడ్ ఎ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. మామూలు జ్వరమైతే, అది తగ్గగానే ఈ ప్రోటీన్ కూడా తగ్గిపోతుంది. జబ్బు ఏళ్ల తరబడి రగులుతూ ఉంటే మాత్రం ఈ ప్రోటీన్ ముక్కలు సన్నని పోగులుగా మారి అవయవాలలో పేరుకుంటాయి. ముఖ్యంగా మూత్రపిండాలలోను, తరువాత ప్లీహం, కాలేయం, పేగులలోను చేరతాయి.

1854లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో, ఈ పదార్థం అయోడిన్ తగిలితే పిండిలా రంగు మారడం చూసి ‘పిండి వంటిది’ అనే అర్థంలో అమైలాయిడ్ అన్నాడు. అది పిండి కాదు, ప్రోటీన్ అని తరువాత తేలింది. కనుక అన్నం తినడం వల్ల ఈ జబ్బు రాదు. ఇది అంటువ్యాధి కూడా కాదు.

ఏ లక్షణాలు కనిపిస్తాయి?

• మూత్రంలో నురుగు ఎక్కువగా రావడం, అది త్వరగా పోకపోవడం
• పాదాలు, కాళ్లు, ఉదయం లేవగానే ముఖం వాచడం
• నీరసం, బరువు తగ్గడం
• కొందరిలో విడవని విరేచనాలు

తొలి దశలో ఏ బాధా ఉండకపోవచ్చు. 2007లో లండన్ వైద్యులు 374 మంది రోగుల వివరాలు ప్రచురించారు. అసలు జబ్బు మొదలయ్యాక అమైలాయిడోసిస్ బయటపడటానికి మధ్యస్థంగా 17 ఏళ్లు పట్టింది. అందుకే లక్షణాల కోసం ఎదురుచూడకూడదు.

ఎలా కనుగొంటారు?

మూత్రంలో ప్రోటీన్ పోతున్నదా అని చూసే చిన్న పరీక్షతో తొలి అనుమానం వస్తుంది. ఆపై మూత్రపిండం నుండి గాని, పొట్ట కొవ్వు నుండి గాని చిన్న ముక్క తీసి, కాంగో రెడ్ అనే రంగు వేసి, ప్రత్యేకమైన మైక్రోస్కోపుతో చూసి నిర్ధారిస్తారు.

చికిత్స ఉందా?

ఉంది. అసలు జబ్బును అణచడమే ముఖ్యమైన చికిత్స. క్షయకు పూర్తి కోర్సు మందులు, ఎముకలో చీముకు ఆపరేషన్, కీళ్లవాతానికి డాక్టరు రాసిన మందులు మానకుండా వాడాలి. పైన చెప్పిన లండన్ రోగులలో ఈ ప్రోటీన్ లీటరు రక్తంలో 10 మిల్లీగ్రాముల లోపు నిలిచినవారిలో 60 శాతం మందికి పేరుకున్న పదార్థం తగ్గింది. వారు ఎక్కువకాలం జీవించారు కూడా. మూత్రపిండాలు పూర్తిగా చెడితే డయాలసిస్, కొందరికి మూత్రపిండ మార్పిడి అవసరమవుతాయి. అప్పుడు కూడా అసలు జబ్బును వదిలేస్తే కొత్త మూత్రపిండంలోనూ ఇది మళ్లీ రావచ్చు.

కుటుంబ సభ్యులు ఏం చేయాలి?

• నొప్పి తగ్గిందని, దగ్గు ఆగిందని మందులు మాన్పించవద్దు.
• దీర్ఘకాలిక జబ్బు ఉన్నవారికి ఎంతకాలానికొకసారి మూత్ర పరీక్ష చేయించాలో డాక్టరును అడగండి.
• నొప్పి మాత్రలు, పసరు మందులు సొంతంగా ఇవ్వవద్దు. అవి మూత్రపిండాలకు మరింత హాని చేయవచ్చు.
• వాపులుంటే ఉప్పు తగ్గించండి. మాంసకృత్తులు, నీళ్లు ఎంత తీసుకోవాలో డాక్టరు చెప్పినట్లు పాటించండి.
• పాత రిపోర్టులు, మందుల చీటీలు భద్రపరచి ప్రతిసారీ వెంట తీసుకురండి.

పాత జబ్బు సద్దుమణిగినట్లు పైకి కనిపించినా లోపల రగులుతూ ఉండవచ్చు. దానిని సకాలంలో అదుపు చేస్తే మూత్రపిండాలను కాపాడుకోవచ్చు.