పార్కులో పిస్తోలు: పురమునకు అధికారమున్నదా?

తుపాకి చేతబట్టి పార్కులోనికి రారాదని చెప్పుటకు, ఆ పార్కును నాటి, నీరుపోసి, కావలి పెట్టిన పురపాలక సంఘమునకే అధికారము లేదన్నచో మన పాఠకులు నమ్మజాలరు. అయినను అమెరికా సంయుక్తరాష్ట్రములలోని వాషింగ్టను రాష్ట్రమున, సియాటిల్ నగరమున జరిగినది ఇదియే. ఆ నగరమునను, దాని చెంతనున్న రెడ్మండు, బెల్వ్యూ పట్టణములలోను పెక్కు తెలుగు కుటుంబములు స్థిరపడియున్నవి. వారి పిల్లలాడుకొను తావుల ప్రసంగమగుటచేతను, స్థానిక స్వపరిపాలనమునకు మేర యెక్కడ అను ప్రశ్న యిందు ఇమిడియుండుటచేతను ఈ వ్యాజ్యమునుగూర్చి కొంత విపులముగా వ్రాయదలచితిమి.

2008 మే నెలలో సియాటిల్ సెంటరునందు జానపద కళోత్సవము జరుగుచుండగా ఒక పెనుగులాటలో పిస్తోలు ప్రేలి కొందరు గాయపడిరి. ఆ పిస్తోలు ధరించినవాడు దొంగచాటుగా తెచ్చినవాడు కాడు. దుస్తులలో దాచి ధరించుటకు ప్రభుత్వమువారి లైసెన్సు పొందినవాడు. నగరము కలవరపడెను. మేయరు గ్రెగ్ నికల్సు జూన్ నెలలో నగరమునకు చెందిన స్థలములయందు తుపాకులను నిషేధింపవలసినదని తన శాఖల కాజ్ఞాపించెను. నగరమునకు అట్టి యధికారము లేదని రాష్ట్రపు అటార్నీ జనరలు రాబ్ మెకెన్నా 1 అభిప్రాయపత్రమును అక్టోబరులో ప్రకటించెను. మేయరు వెనుకంజ వేయలేదు. 2009 అక్టోబరులో ఉద్యానవనశాఖ నిబంధనము వెలువడెను. అప్పటికాయన ప్రాథమిక నిర్వాచనములో ఓడిపోయి, పదవినుండి దిగుటకు రెండుమూడు నెలలే మిగిలియుండెను.

నిబంధనము పార్కులన్నిటికిని కాదు. పిల్లలును, యువకులును చేరుదురని తోచిన ఆటస్థలములు, ఈతకొలనులు, సామాజిక భవనములు, ఇట్టి తావులలో ప్రకటన ఫలకములు నాటించి, అచ్చటికి తుపాకి తెచ్చినవానిని వెలుపలికి పొమ్మందురు. పోనిచో అక్రమప్రవేశ నేరము మోపబడవచ్చును. నెల తిరుగకముందే సెకండ్ అమెండ్‌మెంట్ ఫౌండేషను, నేషనల్ రైఫిల్ అసోసియేషను మొదలగు సంఘములును, లైసెన్సుగల కొందరు పౌరులును కింగ్ కౌంటీ సుపీరియర్ కోర్టులో దావా వేసిరి.

ఇచ్చట పాఠకులు సాధారణముగా పొరపడుదురు. ఆయుధధారణ హక్కును చెప్పు రాజ్యాంగ ద్వితీయ సవరణమే ఈ దావాకు మూలమని తలంతురు. కాదు. ఆ సవరణమును పట్టుకొని ఫెడరల్ న్యాయస్థానమున వేఱొకరు వేసిన వ్యాజ్యము 2010 మార్చిలో కొట్టివేయబడెను. ద్వితీయ సవరణము రాష్ట్రములను, పురములను బంధించునని సుప్రీముకోర్టు అప్పటి కింకను చెప్పియుండలేదు. షికాగో నగరపు వ్యాజ్యములో ఆ మాట చెప్పినది మఱి మూడు నెలలకు, 2010 జూన్‌లో. గెలిచిన దావా గెలిచినది ఆ మహావాక్యముచేత కాదు, రాష్ట్రశాసనములోని యొక చిన్న పరిచ్ఛేదముచేత. పెద్ద కత్తి వదలి చిన్న సూదిని పట్టిన ఆ న్యాయవాదుల నేర్పును వృత్తిధర్మముచే మేము మెచ్చుకొనక తప్పదు.

1983లో పుట్టిన ఆ పరిచ్ఛేదము చెప్పునదేమనగా, ఆయుధ నియంత్రణమను క్షేత్రమునంతను రాష్ట్రమే ఆక్రమించినది. పురములు, కౌంటీలు రాష్ట్రశాసనము ప్రత్యేకముగా అనుమతించిన మేరకే, దానికి అనుగుణముగానే నియమములు చేసికొనవచ్చును. అనుమతించిన మేర యెంత? మనుష్యులకు గాని, పశువులకు గాని, ఆస్తికి గాని అపాయము కలుగుచోట తుపాకి కాల్చరాదని పురము శాసింపవచ్చును. తాను నడపు క్రీడాప్రాంగణములలోను, మహాసభా భవనములలోను తుపాకి తేరాదనవచ్చును. అందును లైసెన్సుదారునకు మినహాయింపు. పార్కు పేరు ఆ పట్టికలో లేదు. కొన్నిటిని పేర్కొన్న శాసనము పేర్కొననివానిని కావలెననియే విడిచినదని అర్థము చేసికొనుట వ్యాఖ్యాన సూత్రములలో మొదటిపాఠము.

నగరము పక్షమున చెప్పబడిన వాదము తేలికైనది కాదు. మేము శాసనకర్తలుగా కాదు, స్థలస్వామిగా మాటలాడుచున్నాము. ఇంటి యజమాని తన గడప దాటువారికి షరతు పెట్టినట్లే పెట్టితిమి, అనిరి. అందుకు రెండు పూర్వతీర్పులను చూపిరి. 1991లో ఒక స్థానిక సంస్థ తన యుద్యోగులు పనివేళ ఆయుధము ధరింపరాదన్న నియమమును రాష్ట్రపు సుప్రీముకోర్టు నిలిపెను. 2006లో సెక్విమ్ పురము తన మహాసభా భవనములో తుపాకుల సంత జరుపువారికి పెట్టిన షరతులను నిలిపెను. ఈ రెండును నిజమే. కాని ఉద్యోగి యజమానితో ఒడంబడిక చేసికొన్నవాడు. సంత నడపువాడు భవనమును అద్దెకు తీసికొన్నవాడు. పార్కులో నడచిపోవు పౌరుడు ఎవరితో ఏ ఒడంబడిక చేసికొనెను? అతనిపై పడునది షరతు కాదు, శాసనమే. న్యాయాధిపతి కాథరిన్ షాఫరు 2010 ఫిబ్రవరిలో నిబంధనము చెల్లదని తీర్పు చెప్పి, ఫలకములు తొలగింపుమనెను. అప్పీలుకోర్టు 2011 అక్టోబరు 31న దానిని స్థిరపరచెను. రాష్ట్రపు సుప్రీముకోర్టు 2012లో పునర్విచారణకు అంగీకరింపలేదు.

తీర్పు చట్టరీత్యా నిర్దుష్టమని మా యభిప్రాయము. శాసనసభ మూసిన తలుపును మేయరు కిటికీనుండి తెరువరాదు. మన దేశమందును 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టము క్రింద పురము చేసికొను ఉపవిధికి పైప్రభుత్వపు టామోదము లేనిదే ప్రాణము లేకుండెను. పిల్లలపై దయచేత చేసినదైనను అధికారము లేక చేసిన నియమము నియమము కాదు. నేడు మనకిష్టమైన పనికి అట్టి సడలింపు ఇచ్చినచో, రేపు మనకు గిట్టని మేయరు అదే సడలింపును వాడుకొనును.

కాని ఆ శాసనము మంచిదా యనునది వేఱు ప్రశ్న. దాని పక్షమువారు చెప్పు కారణమొకటి బలమైనది: లైసెన్సుగల బాటసారి ఒకే దినమున నాలుగైదు పురములు దాటును, ఊరికొక నియమమున్నచో తెలియకయే నేరస్థుడగును. రహదారికి ఈ మాట చెల్లును. పిల్లల ఉయ్యాలవద్ద ఎట్లు చెల్లునో మాకు బోధపడదు. ద్వారమునందు ఫలకముండగా తెలియలేదనుటకు వీలెక్కడిది? అదే సియాటిల్ పార్కులో కుక్కను గొలుసులేక విడువరాదని పురము శాసింపవచ్చును. గొలుసుపట్టిన యజమాని నడుముననున్న పిస్తోలునుగూర్చి మాత్రము నోరు మెదపరాదు. పంటపొలముల నడుమనున్న తూర్పు జిల్లాల కుగ్రామమునకును, కిక్కిరిసిన మహానగరమునకును ఒకే కొలత పెట్టుటలో రాజధానివారి సౌకర్యమే తప్ప ప్రజల యవసరము కనబడదు.

మనవారు ఈ హక్కును ఎట్లు తూచిరో జ్ఞప్తికి తెచ్చుకొనుట అప్రస్తుతము కాదు. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానమున ఆయుధధారణ హక్కు చోటుచేసికొనెను. పరప్రభుత్వపు ఆయుధశాసనమువలన కలిగిన యవమానము దానికి కారణము. 1948 డిసెంబరులో రాజ్యాంగ నిర్మాణసభయందు హెచ్. వి. కామత్ గారు దానిని ప్రాథమిక హక్కులలో చేర్ప సవరణ తేగా డాక్టరు అంబేద్కరు గారు అంగీకరింపలేదు, సవరణ నెగ్గలేదు. స్వరాజ్యము రాగానే తూకపుఱాళ్లు మారినవి.

సియాటిల్ నగరము ఓడి ఊరకుండలేదు. 2015లో అమ్ముడగు ప్రతి తుపాకిపై 25 డాలర్లును, ఒక్కొక్క తూటాపై 2 లేక 5 సెంట్లును పన్ను విధించెను. ఇది నియంత్రణము కాదు, పన్నేయని రాష్ట్రపు సుప్రీముకోర్టు 2017లో ఒప్పుకొనెను. కిటికీ కాకున్నను గవాక్షమొకటి దొరికినదన్నమాట! తుపాకులను ఇంట తాళమువేసి యుంచవలెనని పొరుగుననున్న ఎడ్మండ్సు పురము చేసిన నియమము మాత్రము 2022లో పాత పరిచ్ఛేదమునకే బలియయ్యెను. ఇంతలో రాష్ట్రప్రజలు తామే ఓటువేసి 2014లో కొనుగోలుదారుల పూర్వవృత్తాంత పరీక్షను, 2018లో భద్రపరచు విధిని రాష్ట్రమంతటికి శాసనములుగా చేసికొనిరి.

2022 జూన్‌లో న్యూయార్కు వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఇల్లు వెడలి వీధిలో ఆయుధము ధరించుటయు హక్కేయని చెప్పి, బడులు మొదలగు సున్నితస్థలములను మాత్రము వేఱుచేసిన పిమ్మట, పార్కు అట్టి స్థలమగునా కాదా యను వాదము దేశమంతట చెలరేగినది. న్యూమెక్సికో రాష్ట్రమున పురములును కౌంటీలును ఈ హక్కు జోలికి పోరాదని రాజ్యాంగమే నిషేధించియున్నది. అచ్చట 2023 సెప్టెంబరులో ఆల్బుకర్కీ ప్రాంతమున బహిరంగముగా తుపాకి ధరింపరాదని ఆజ్ఞ వెలువరించినది పురము కాదు, గవర్నరు. ఫెడరల్ న్యాయాధిపతి కొలదిదినములలోనే దానిని నిలిపివేసెను. ఆమె దానిని పార్కులకును ఆటస్థలములకును కుదించిన పిమ్మట, అక్టోబరులో, ఆ కుదించిన నిషేధమును ఆపుటకు నిరాకరించెను.