విదేశీ చదువుకు తొలి సెమిస్టరే గండం

అరసవల్లి: విమానం ఎక్కే ముందు ఆదిత్యుని దర్శించుకునే విద్యార్థుల కుటుంబాలు ఆదివారం రద్దీలోనూ కనిపిస్తుంటాయి. వీసా, టిక్కెట్టు చేతికందితే గట్టెక్కినట్లేనని పెద్దలు భావిస్తుంటారు. అసలు కష్టం అక్కడ దిగిన తరువాతే మొదలవుతుంది.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో తరగతులు ఎక్కువగా ఆగస్టు చివర్లో ప్రారంభమవుతాయి. కొత్తగా ఎఫ్‌-1 వీసా పొందినవారిని కోర్సు ప్రారంభానికి 30 రోజుల లోపే ఆ దేశంలో అడుగుపెట్టనిస్తారు. ఆ కొద్ది రోజుల్లోనే గది, బ్యాంకు ఖాతా, ఆరోగ్య బీమా చూసుకోవాలి. గది ఒప్పందం చాలాచోట్ల ఏడాదికి ఉంటుంది. చదవకుండా సంతకం చేస్తే చిక్కే. మాంసం పచ్చళ్లను విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు గనుక ఆవకాయతో సరిపెట్టుకోవడం మేలు.

చూచిరాత అక్కడ నేరమే

ఇక్కడ పరీక్షల ముందు గైడు తిరగేసి డిగ్రీ గట్టెక్కినవారు కొల్లలు. అక్కడ ఆ ఆట సాగదు. వారం వారం అసైన్‌మెంట్లు సమర్పించాలి. స్నేహితుని రికార్డు చూసి రాసుకోవడం మనకు మామూలే గానీ, అక్కడ దాన్ని దొంగతనంగా పరిగణిస్తారు. ఇంటర్నెట్‌లోని ఒక్క పేరాను మూలం చెప్పకుండా వాడుకున్నా సున్నా మార్కులు మొదలుకొని బహిష్కరణ వరకు శిక్షలుంటాయి. సందేహాలు తీర్చేందుకే ఆచార్యులు వారంలో కొన్ని గంటలు కేటాయిస్తారు. ‘సార్‌ ఏమనుకుంటారో’ అని గుమ్మం వద్దే ఆగిపోయేది మనవారే.

పని ఎక్కడ, ఎంత?

పొలం తాకట్టు పెట్టి, బ్యాంకు రుణం తెచ్చి పంపిన తండ్రికి భారం తగ్గించాలన్న తపనే పలువురిని తప్పుదారి పట్టిస్తోంది. పనిచేయడం నామోషీ కాదు. అమెరికా వెళ్లిన భీమవరం శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు సైతం బోస్టన్‌ ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న కొలువు చేసినవారే. అయితే నేటి నిబంధన ప్రకారం తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించకూడదు, అదీ క్యాంపస్‌లోనే. అనుమతి లేకుండా బయట పెట్రోలు బంకుల్లో, హోటళ్లలో నగదుకు పనిచేస్తే వీసా హోదా పోతుంది. చదువు ఆగిపోతుంది, అప్పు మాత్రం ఆగదు.

చదవకుండానే పని చేసుకోవచ్చని ఆశచూపే సంస్థలు మరింత ప్రమాదకరం. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయాన్ని అధికారులు మూసివేయించినప్పుడు అందులో చేరినవారిలో అధికులు అప్పటి ఆంధ్రప్రదేశ్‌ విద్యార్థులే. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు తగిలించారు. 2019లో మిచిగన్‌లో బయటపడిన ఫార్మింగ్టన్‌ వర్సిటీనైతే అక్రమ చేరికలను పట్టుకునేందుకు అక్కడి ప్రభుత్వాధికారులే సృష్టించారు. పత్రాల్లో గుర్తింపు ఉన్నట్లే కనిపించింది. తరగతులు మాత్రం లేవు, బోధకులూ లేరు. ఏజెంటుకు రుసుము చెల్లించే ముందు ఈ రెండింటి గురించీ ఆరా తీయడం తల్లిదండ్రులకు అసాధ్యమేమీ కాదు.

చలి, చీకటి, దిగులు

ఉత్తరాది రాష్ట్రాల్లో డిసెంబరు నాటికి సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. మార్చి, అక్టోబరుల్లో మూలవిరాట్టు పాదాలను తాకే సూర్యకిరణాల కోసం వేచిచూసే ఊరి పిల్లలకు ఆ దిగులు ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. విశ్వవిద్యాలయాల్లో కౌన్సెలింగ్‌ కేంద్రాలున్నా, ‘పిచ్చి’ ముద్ర పడుతుందన్న భయంతో కొందరు వెళ్లరు. ఇంటికి ఫోను చేసి ‘బాగున్నాను’ అంటారు. ఇంటివారూ పార్ట్‌టైం పని దొరికిందా అనే అడుగుతారు తప్ప, నిద్ర పడుతోందా అని అడగరు. శీతాకాలంలో అమెరికా తూర్పు తీరాన ఉదయం 8 గంటలైతే ఇక్కడ సాయంత్రం 6.30 అవుతుంది. ఇరుపక్షాలూ మేలుకొని, తీరికగా మాట్లాడుకోగల వేళ అదే.