తన ఓటు తానే వేసేందుకు

కోనసీమలో బడి కట్టాలంటే ముందు ఆలోచించేది అరుగు ఎత్తు గురించే. వరదొచ్చినా వాననీరు నిలిచినా గదుల్లోకి రాకూడదు కదా! ఎన్నికలు వచ్చాయంటే ఆ బడే పోలింగ్ కేంద్రం. పిల్లలు ఒక్క గెంతులో ఎక్కేసే ఆ మెట్ల దగ్గరే చక్రాల కుర్చీ ఆగిపోతుంది.

ర్యాంపు పెడితే సరిపోతుందా? వాలు ఎంతన్నదే అసలు ప్రశ్న. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. అంటే రెండడుగుల అరుగుకు 24 అడుగుల ర్యాంపు కావాలి. కుర్చీ, మనిషి కలిపి 80 కిలోలనుకుందాం. ఆ వాలు మీద పైకి నెట్టడానికి దాదాపు 7 కిలోల బరువెత్తేంత బలం చాలు. అదే అరుగుకు ఆరడుగుల చెక్క ఆనించి చేతులు దులుపుకుంటే 27 కిలోలెత్తేంత బలం పెట్టాలి. ఇక తనంతట తాను ఎక్కడమన్న మాటే లేదు, దిగేటప్పుడు పట్టు తప్పితే బోల్తాయే. పోలింగ్ కేంద్రాల్లో ర్యాంపులుండాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 11వ సెక్షన్ కూడా పోలింగ్ కేంద్రాలన్నీ వారికి అందుబాటులో ఉండాలంటుంది.

చూపులేని వారి ఓటు కథ హైదరాబాద్‌లో మొదలైంది. 2004లో ఆసిఫ్‌నగర్ శాసనసభ ఉపఎన్నికలో ఓటింగ్ యంత్రానికి బ్రెయిలీ అంకెలు అతికించి చూశారు. 2009 సార్వత్రిక ఎన్నికల నాటికి అన్ని యంత్రాల మీదా అవి వచ్చేశాయి. పోలింగ్ కేంద్రంలో ముందు బ్రెయిలీ నమూనా బ్యాలెట్ ఇస్తారు. తన అభ్యర్థి వరుస సంఖ్య ఎంతో దాని మీద తడిమి తెలుసుకుని, యంత్రం మీద అదే అంకె పక్కనున్న బటన్ నొక్కాలి. 2024 మే 13న మన ఆంధ్రప్రదేశ్‌లో లోక్‌సభకు, శాసనసభకు ఒకేరోజు పోలింగ్ కాబట్టి రెండు సంఖ్యలు గుర్తుపెట్టుకోవాల్సి వచ్చింది.

బ్రెయిలీ చుక్కకూ చుక్కకూ మధ్య దూరం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. ఆరోగ్యంగా ఉన్న వేలికొన ఆ ఎడాన్ని ఇట్టే పసిగడుతుంది. కానీ మధుమేహంతో చూపు పోయిన పెద్దవారి సంగతేమిటి? అదే జబ్బు వేళ్ల స్పర్శనూ మొద్దుబార్చవచ్చు. పైగా బ్రెయిలీ చిన్నప్పుడు నేర్చిన విద్య కాదు. అలాంటివారు తోడు తెచ్చుకోవచ్చని ఎన్నికల నిబంధన 49ఎన్ చెబుతోంది. తోడొచ్చే వ్యక్తికి 18 ఏళ్లు నిండాలి. ఆరోజు ఇంకెవరికీ తోడు వెళ్లకూడదు. ఓటు ఎవరికి పడిందో బయటపెట్టనని రాసివ్వాలి. అయితే ఇంట్లో అందరిదీ ఒక పార్టీ, ఓటరు మనసులో ఇంకో పార్టీ ఉంటే ఆ రహస్యం ఏపాటిదో చెప్పక్కర్లేదు.

ఇంకో లోటుంది, నా మటుకు నాకు అదే పెద్దది. వీవీప్యాట్ అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది. చూపున్నవారు తమ ఓటు సరిగ్గా పడిందో లేదో చూసుకుంటారు. చూపులేనివారికి వినిపించేది బీప్ ఒక్కటే. ఓటు పడిందని అది చెబుతుంది గానీ ఎవరికి పడిందో చెప్పదు. అమెరికాలో 2002లో వచ్చిన చట్టం ప్రకారం ఫెడరల్ ఎన్నికల్లో ప్రతి పోలింగ్ కేంద్రంలోనూ దివ్యాంగులు రహస్యంగా ఓటు వేసుకోగల యంత్రం ఒక్కటైనా ఉండాలి. అక్కడ ఇయర్‌ఫోన్‌లో పేర్లు విని ఓటేయవచ్చు. మన యంత్రానికీ ఆ గొంతు రావాలి.

లంక గ్రామాల్లోనైనా, రాజమహేంద్రవరంలో నాలుగో అంతస్తులోనైనా ఇల్లు కదల్లేనివారికి 2024 నుంచి దేశమంతటా ఇంటి నుంచే ఓటు వేసే వీలుంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారు, 85 ఏళ్లు దాటినవారు ఫారం 12డి ఇవ్వాలి. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోపే సుమా! దరఖాస్తు ఆమోదించాక మనసు మార్చుకుని పోలింగ్ కేంద్రానికి వెళ్తే అక్కడ ఓటు వేయనివ్వరు.

మీ ఇంట్లో సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) ఉన్నవారుంటే, ఓటరుగా వారి నమోదులో ఆ వివరం చేరిందో లేదో ఇప్పుడే కనుక్కోండి. లేకపోతే ఫారం 8 నింపి మీ బూత్ స్థాయి అధికారికి (బీఎల్‌ఓ) ఇవ్వండి. అనుమానముంటే ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయండి.