‘కౌన్సెలింగ్’ అనే మాట – ఉద్దానం తీరంలో విడాకులు, మానసిక చికిత్స

వ్యాససంగ్రహం: విడాకుల కాలంలో కలిగే మానసిక బాధకు చికిత్స పొందే దారి శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాలలో ఎక్కడెక్కడ ఆగిపోతున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. దూరం, ఖర్చు నిజమైన అడ్డంకులే. అయితే వాటికన్నా ముందు ‘కౌన్సెలింగ్’, ‘పిచ్చి’ అనే రెండు మాటలు అడ్డు నిలుస్తున్నాయని, వాటి అర్థాలను వైద్యం, చట్టం వెలుగులో విడదీసి చూడవలసి ఉన్నదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: విడాకులు, కౌన్సెలింగ్, మానసిక చికిత్స, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఉద్దానం, పలాస, టెక్కలి.

1. ప్రవేశిక

అమెరికాకు చెందిన మనోవైద్యులు థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే 1967లో జీవిత సంఘటనలు కలిగించే ఒత్తిడిని కొలిచే పట్టికను ప్రకటించారు. అందులో జీవిత భాగస్వామి మరణానికి 100 పాయింట్లు, విడాకులకు 73, దంపతులు వేరుపడటానికి 65. మరణం తరువాతి స్థానం విడాకులదే. అయితే మరణానికి సమాజం ఒక తంతును ఏర్పరచింది. పదిరోజుల పాటు ఇంటికి మనుషులు వస్తారు, పక్కన కూర్చుంటారు, ఏడిస్తే ఏడవనిస్తారు. విడాకులకు పరామర్శ లేదు, పంచాయితీ మాత్రమే ఉంది. అక్కడ దుఃఖానికి చోటు దొరకదు, తప్పెవరిదన్న ప్రశ్నకే దొరుకుతుంది.

2011 జనగణన ప్రకారం దేశంలో విడాకులు పొందినవారు సుమారు 13.6 లక్షలు. విడాకులు లేకుండా వేరుగా ఉంటున్నవారు దాదాపు అంతకు మూడు రెట్లు. అందువల్ల ఈ సమస్యను కోర్టు కాగితం ఉన్నవారికే పరిమితం చేసి చూడరాదు. పెద్దమనుషుల సమక్షంలో తెగతెంపులు చేసుకున్నవారు, భర్త వలసపోయి తిరిగిరాక కన్నవారింటికి చేరినవారు, వాయిదాలకు తిరుగుతున్నవారు అందరూ దీని పరిధిలోకి వస్తారు. ఉద్దానం మత్స్యకార గ్రామాల నుంచి పురుషులు గుజరాత్‌లోని వెరావల్ వంటి రేవులకు నెలల తరబడి పనికి వెళతారు. పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమలో స్త్రీలు రోజుకూలికి పిక్కలు కొట్టి పప్పు తీస్తారు. ఈ జీవన విధానంలో కాపురం చెడిన సంగతి ఊరికి తెలిసిన చాలా కాలానికి గాని న్యాయస్థానానికి చేరదు. వైద్యుడి దగ్గరకు అసలు చేరకపోవచ్చు.

2. ‘కౌన్సెలింగ్’: ఒక మాట, పలు అర్థాలు

తెలుగు వాడుకలో ‘కౌన్సెలింగ్’ అనగానే మొదట గుర్తుకు వచ్చేది ఇంజనీరింగ్ సీట్ల కేటాయింపు. పత్రికలలో తరచు కనిపించే రెండవ అర్థం పోలీసులది. రౌడీషీటర్లను ఠాణాకు పిలిచి హెచ్చరించడం కూడా కౌన్సెలింగే. మూడవది దంపతులను కూర్చోబెట్టి రాజీ కుదర్చడం. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టంలోని 9వ సెక్షన్, హిందూ వివాహ చట్టంలోని 23(2) సెక్షన్ న్యాయస్థానంపై సయోధ్యకు ప్రయత్నించే బాధ్యతను ఉంచాయి. అది తగిన బాధ్యతే. కాని దాని రోగి కాపురం, మనిషి కాదు.

చికిత్స అనే నాలుగవ అర్థం ఈ మూడింటి వెనుక మరుగునపడింది. ఠాణాలోనో పెద్దమనుషుల ముందో ‘సర్దుకుపో’ అన్న మాటను పదిసార్లు విన్న స్త్రీకి, ఆసుపత్రిలో ‘మీకు కౌన్సెలింగ్ అవసరం’ అంటే పదకొండవసారి అదే మాట వినవలసి వస్తుందని అనిపిస్తుంది. ఆమె మళ్ళీ రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. చికిత్సకుడు కాపురం నిలబెట్టడానికీ కూర్చోడు, విడగొట్టడానికీ కూర్చోడు. విడిపోవాలా వద్దా అన్న నిర్ణయం రోగిదే. ఆ నిర్ణయం తీసుకోగల స్థితికి, తీసుకున్న తరువాత జీవించగల స్థితికి మనిషిని చేర్చడమే అతని పని. ఈ భేదం స్పష్టం కావాలంటే ‘మాటల వైద్యం’ వంటి పలుకుబడి మేలు. మందుల వైద్యానికి అది జతపదంగా కూడా నిలుస్తుంది.

బాధను చెప్పుకొనే మాటలను కూడా గమనించాలి. ‘డిప్రెషన్’ అని చెప్పుకొంటూ వచ్చేవారు తక్కువ. బెంగ, దిగులు, గుండెదడ, తలపోటు, నిద్ర పట్టకపోవడం అని వస్తారు. ఊళ్ళోని ఆర్‌ఎంపీ దానికి ‘నరాల బలహీనత’ అని పేరుపెట్టి సూదిమందో, సెలైనో ఇస్తాడు. మందుల దుకాణంలో చీటీ లేకుండా దొరికే నిద్రమాత్ర ఇంకా ప్రమాదకరం. ఆల్ప్రజోలం వంటివి కొన్ని వారాలకే అలవాటుగా మారతాయి. హఠాత్తుగా మానితే దడ, వణుకు, నిద్రలేమి మరింత తీవ్రంగా తిరిగివస్తాయి.

3. ‘పిచ్చి’ ముద్ర, న్యాయస్థానం భయం

హైదరాబాదు ప్రాంతంలో ‘ఎర్రగడ్డ’ అన్న మాటకు ఎటువంటి ధ్వని ఉన్నదో ఉత్తరాంధ్రలో ‘చినవాల్తేరు’ ఆసుపత్రికి అటువంటి ధ్వనే ఉన్నది. విడాకుల వివాదంలో ఈ ముద్రకు మరొక పదును తోడవుతుంది. మానసిక వైద్యుడి చీటీ అవతలి పక్షం వకీలు చేతికి చిక్కితే భరణం పోతుందని, పిల్లలను ఇవ్వరని, ‘పిచ్చి’ కారణంగానే విడాకులు ఇస్తారని భయం. చికిత్సకు అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఇదే కావచ్చు. ఇది పూర్తిగా నిరాధారం కాదు గనుక తేలికగా కొట్టివేయరాదు.

హిందూ వివాహ చట్టం 13(1)(iii) సెక్షన్ మానసిక రుగ్మతను విడాకులకు కారణంగా అంగీకరిస్తుంది. అయితే కేవలం రుగ్మత ఉండటం చాలదు. పిటిషనరు సహజీవనం చేయజాలనంత స్వభావం, తీవ్రత దానికి ఉండాలి. 1988లో రామ్‌నారాయణ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని వివరించింది. స్కిజోఫ్రీనియా అన్న పేరు ఒక్కటే చాలదని, దాని తీవ్రతను చూడాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక వైద్య దంపతుల కేసులో 2013లో ఇదే సూత్రాన్ని మళ్ళీ అనుసరించింది. భార్యకు స్కిజోఫ్రీనియా ఉన్నదన్న భర్త వాదనను అంగీకరించక, విడాకులు నిరాకరించిన హైకోర్టు తీర్పును సమర్థించింది. అంత తీవ్రమైన వ్యాధి పేరుతోనే విడాకులు రానప్పుడు, భర్త వదిలివేసిన దుఃఖంతో ఆరునెలలు మాత్రలు వాడటం విడాకులకు కారణం కావడం దాదాపు అసాధ్యం.

2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 దీనిని ఇంకా బలపరిచింది. మానసిక అస్వస్థత నిర్ధారణ అయినంత మాత్రాన, న్యాయస్థానం ప్రకటిస్తే తప్ప, ఆ వ్యక్తిని మతిస్థిమితం లేనివారుగా భావించరాదని 3వ సెక్షన్ చెబుతుంది. 23వ సెక్షన్ చికిత్స వివరాల గోప్యతను హక్కు చేసింది. అయితే ఈ గోప్యత సంపూర్ణం కాదు. అధికారం గల న్యాయస్థానం ఆదేశిస్తే వివరాలు ఇవ్వక తప్పదు. కాబట్టి ‘ఎవరికీ తెలియదు’ అని హామీ ఇవ్వడం కన్నా, ‘తెలిసినా దానివల్ల మీ హక్కు పోదు’ అని వివరించడం నిజాయితీ అవుతుంది. నిజానికి, చికిత్స తీసుకుంటూ నిలకడగా పని చేసుకుంటున్న తల్లి రికార్డు ఆమెకు అనుకూలంగానే కనిపించవచ్చు. ఈ సంగతులు వకీలు ద్వారా తెలుసుకోవడానికి ఖర్చు అడ్డు కానక్కరలేదు. 1987 నాటి న్యాయసేవా ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలు ఉచిత న్యాయసహాయానికి అర్హులు.

4. చికిత్సలో జరిగేది

దుఃఖమంతా రోగం కాదు. కాపురం చెడినప్పుడు ఏడవడం, కొన్నాళ్ళు అన్నం సహించకపోవడం సహజం. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రోజులో ఎక్కువభాగం కనీసం రెండు వారాలు వీడకుండా ఉండి, పని, నిద్ర, ఆకలి దెబ్బతింటే అది వైద్యం అవసరమైన కుంగుబాటు కావచ్చు. చనిపోవాలన్న తలపు వస్తే రెండు వారాలు ఆగకూడదు, ఆ రోజే వైద్యం అందాలి. ఒత్తిడికి తట్టుకోలేక ఏర్పడే సర్దుబాటు రుగ్మత, ఒత్తిడి ముగిసిన ఆరునెలల లోపు సాధారణంగా తగ్గుతుందని వైద్యగ్రంథాలు చెబుతాయి. కాని విడాకుల వ్యాజ్యంలో ఒత్తిడి ముగిసేదెప్పుడు? ప్రతి వాయిదా గాయాన్ని మళ్ళీ రేపుతుంది. అందుచేత ‘కేసు అయ్యాక చూపించుకుందాం’ అనడం సరైన వాదన కాదు.

మాటల వైద్యంలో ఈ సందర్భానికి బాగా పొసిగేది వ్యక్తి సంబంధాల చికిత్స. గెరాల్డ్ క్లెర్మన్, మిర్నా వైస్‌మన్ దీనిని రూపొందించారు. వియోగం, సంబంధాలలో తగాదా, పాత్ర మార్పు, సంబంధాల లేమి అనే నాలుగింటిలో రోగి సమస్య ఏదో గుర్తించి దానిమీదనే పని చేస్తారు. కోడలు, భార్య అన్న పాత్ర పోయి, కన్నవారింట తిరిగి కూతురుగానో, ఒంటరి తల్లిగానో నిలవడం పాత్ర మార్పు. పోయినదానిని తలచి దుఃఖించనివ్వడం, కొత్త పాత్రకు కావలసిన మనుషులను, నేర్పును సమకూర్చుకోవడం ఇందులోని దశలు. ఇది నగరాల చికిత్స అనుకోనక్కరలేదు. ఉగాండా గ్రామాలలో వైద్యులు కాని స్థానికులకు శిక్షణ ఇచ్చి, బృందాలుగా దీనిని నడపగా కుంగుబాటు గణనీయంగా తగ్గినట్లు 2003లో వెలువడిన పరిశోధన చూపింది. గోవాలో విక్రమ్ పటేల్ బృందం శిక్షణ పొందిన సామాన్య సలహాదారులతో మరొక పద్ధతిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోనే నడిపింది. ఆరు నుంచి ఎనిమిది సమావేశాల ఆ చికిత్స ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఆశా కార్యకర్త ఇల్లిల్లూ ఎరిగిన ఉద్దానంలో ఈ నమూనాను ప్రయత్నించకపోవడానికి వైద్యపరమైన కారణమేదీ కనిపించదు.

కుంగుబాటు మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులు వాడి ‘తగ్గలేదు’ అని మానివేయడం, తగ్గగానే తమంతట తాము ఆపివేయడం రెండూ చికిత్సను చెడగొడతాయి.

5. దారి

మానసిక వైద్యానికి ఎవరూ దూరప్రయాణం చేయవలసిన అగత్యం ఉండరాదని, నివాసానికి దగ్గరలోనే సేవలు లభించాలని 2017 చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. పలాస నుంచి విశాఖపట్నం సుమారు 190 కిలోమీటర్లు. చట్టానికీ రోడ్డుకూ మధ్య ఉన్న ఈ దూరం జీడి కార్మికురాలికి కనీసం ఒక రోజు కూలి. నెలనెలా అయితే అది చికిత్స ఆగిపోవడానికి చాలు.

కాబట్టి మొదటి మెట్టుగా ఫోను ఉపయోగపడుతుంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్‌కు 14416 నంబరుతో ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. రెండవ మెట్టు టెక్కలి జిల్లా ఆసుపత్రి, లేదా దగ్గరలోని ప్రభుత్వాసుపత్రి. అక్కడి వైద్యుడికి గుండెదడతో పాటు కాపురం సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే వైద్యం దడకే జరుగుతుంది. మూడవది శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల బోధనాసుపత్రిలోని మానసిక వైద్య విభాగం. ఇచ్ఛాపురం వైపువారికి పాతిక కిలోమీటర్ల దూరంలోని బరంపురం వైద్య కళాశాల మరింత చేరువ. ఆ పట్టణంలో తెలుగు మాట్లాడేవారికి కొదవ లేదు. మనోవైద్యుడే మందులు రాయగలడు. క్లినికల్ సైకాలజిస్టు మాటల వైద్యం చేస్తాడు. అతనికి భారత పునరావాస మండలి నమోదు ఉన్నదో లేదో అడిగి తెలుసుకోవడం రోగి హక్కు.

ఉద్దానానికి మాత్రమే చెందిన జాగ్రత్త ఒకటి మిగిలి ఉంది. కారణం తేలని దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఇక్కడి గ్రామాలను దశాబ్దాలుగా పీడిస్తున్నది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఈ వ్యాధి తొలిదశలో లక్షణాలు ఉండవు. అందువల్ల మూత్రపిండాలు బలహీనపడిన సంగతి తెలియనివారు కూడా మానసిక వైద్యుడి దగ్గరకు రావచ్చు. మానసిక వైద్యంలో వాడే లిథియం మూత్రపిండాల ద్వారానే బయటకు పోతుంది. అవి బలహీనపడితే రక్తంలో పేరుకొని విషమిస్తుంది. డ్యులాక్సెటిన్ వంటి కొన్ని కుంగుబాటు మందులను మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి ఇవ్వరు. మరికొన్నింటి మోతాదు తగ్గించవలసి ఉంటుంది. శ్రీకాకుళంలోనో బరంపురంలోనో కూర్చున్న వైద్యుడికి రోగి కవిటి, సోంపేట లేదా వజ్రపుకొత్తూరు నుంచి వచ్చినట్లు తెలియాలి. ఇటీవలి సీరం క్రియాటినిన్ పరీక్ష కాగితం ఉంటే దానిని మొదటి రోజే చూపాలి. లేకపోతే మందు రాసే ముందు ఆ పరీక్ష చేయించమని అడగాలి.