వసంతం కొండెక్కే దారి

పిల్లలూ! మీలో చాలామందికి లాగే నాకూ కొన్నేళ్లకోసారి ఊరు మారుతుంది. ఉత్తరాఖండ్‌కు బదిలీ అయిన మొదటి ఏడాది ఉగాదికి మామిడికాయ, బెల్లం, చింతపండు అన్నీ బజారులో దొరికాయి. వేపపువ్వు మాత్రం ఎంత వెదికినా దొరకలేదు. వేప మైదానాల చెట్టు. మంచు పడే కొండల మీద అది పెరగదు. మనసు కాస్త చిన్నబోయింది.

అంతకు కొద్ది రోజుల ముందు ఒక ఉదయం తలుపు తీస్తే గడప మీద పసుపు, ఎరుపు పూలు కనిపించాయి. పక్కింటి పిల్లలు బుట్టలతో నిలబడి పాట పాడుతున్నారు. అది ‘ఫూల్ దేయీ’ పండగ. దేయీ అంటే గడప. మార్చి నడుమ, వాళ్ల చైత్రమాసం మొదటి రోజున పిల్లలు ఇంటింటి గడప మీద పూలు పెడతారు. పెద్దలు వాళ్లకు బియ్యం, బెల్లం, చిల్లర డబ్బులు ఇస్తారు. పసుపు పువ్వు పేరు ప్యోలీ, ఎర్రది బురాంశ్ అని ఆ పిల్లలే నాకు చెప్పారు.

బురాంశ్ ఉత్తరాఖండ్ రాష్ట్ర వృక్షం. నేపాల్‌కు జాతీయ పుష్పం కూడా ఇదే. శాస్త్రవేత్తలు దీన్ని రోడోడెండ్రాన్ అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకు ‘గులాబీ చెట్టు’ అని అర్థం. ఆకులు తోలులా మందంగా ఉంటాయి. కొమ్మ చివర గంటల్లాంటి పూలు గుత్తిగా పూస్తాయి. తేనె కోసం పక్షులు, తేనెటీగలు వాటి చుట్టూ మూగుతాయి.

ఏప్రిల్ నెలాఖరులో మేం కొందరం రుద్రప్రయాగ జిల్లాలోని చోప్తా నుంచి తుంగనాథ్‌కు నడిచాం. చోప్తా సుమారు 2,700 మీటర్ల ఎత్తులో ఉంది. తుంగనాథ్ శివాలయం దాదాపు 3,680 మీటర్ల ఎత్తున ఉంది. దూరం నాలుగు కిలోమీటర్ల లోపే కానీ, అంతా ఎక్కుడే.

ఆ దారిలో ఒక వింత గమనించాను. మా ఊళ్లో బురాంశ్ పూలు అప్పటికే రాలిపోయాయి. చోప్తా దగ్గర చెట్లు నిండుగా పూసి ఉన్నాయి. ఇంకా పైకి వెళితే కొన్ని పొదల మీద మొగ్గలే ఉన్నాయి. కారణం చలి. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. అందుకే వసంతం లోయలో మొదలై, వారం వారం కొంత కొంత కొండెక్కుతుంది. మనం పైకి నడిస్తే గడిచిపోయిన వసంతాన్ని మళ్లీ చూడవచ్చు. రంగు కూడా మారుతుంది. కింద ముదురు ఎరుపు, పైన గులాబీ రంగు, ఇంకా పైన తెలుపు పూలు కనిపిస్తాయి.

చెట్లు ఆగిపోయే ఎత్తు దాటాక ‘బుగ్యాల్’ అనే గడ్డి మైదానాలు వస్తాయి. అక్కడ మంచు కరిగిన అంచునే ఊదారంగు ప్రిములా పూలు నేలనుంచి తల ఎత్తుతాయి. వాటికి దొరికే వెచ్చని రోజులు కొన్ని నెలలే. అందుకే నిరుడు వేళ్లలో దాచుకున్న ఆహారంతో త్వరత్వరగా పూస్తాయి. ఆ మొక్కను తొక్కితే మళ్లీ కోలుకోవడానికి చాలాకాలం పడుతుంది. కాబట్టి దారి వదలకండి, పూలు కోయకండి. బురాంశ్ పూలతో అక్కడివారు షర్బత్ చేస్తారు కానీ, ఆ జాతిలో విషపు మొక్కలూ ఉన్నాయి. తెలియని పువ్వు నోట పెట్టకండి.

కొండ దారిలో పెద్దల తోడు లేకుండా వెళ్లకూడదు. ఉదయాన్నే బయలుదేరాలి. మధ్యాహ్నం తర్వాత వాన, వడగళ్లు రావచ్చు. జారని బూట్లు, స్వెటర్, వానకోటు, నీళ్లు ఉండాలి. నెమ్మదిగా నడవాలి. తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటే వెంటనే చెప్పి కిందికి దిగాలి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

కొన్నేళ్లుగా బురాంశ్ కొన్ని చోట్ల జనవరిలోనే పూస్తోందని వార్తలు వస్తున్నాయి. చలికాలం వెచ్చబడటమే ఇందుకు కారణమని చెబుతున్నారు. పూలు అంత ముందే రాలిపోతే ఫూల్ దేయీ నాటికి పిల్లల బుట్టల్లో ఏముంటాయి? పూల మీద ఆధారపడ్డ పక్షుల సంగతేమిటి?

అందుకే నేను ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఏ ఊళ్లో, ఏ తేదీన, ఏ చెట్టుకు మొదటి పువ్వు చూశానో రాసుకుంటాను. మీరూ మొదలుపెట్టండి. ఒకే ఊళ్లో ఉండేవారు చూడలేనన్ని వసంతాలు మీకు దొరుకుతాయి. పువ్వు పేరు అక్కడి పిల్లలను అడగండి. స్నేహం అక్కడే మొదలవుతుంది.

అన్నట్టు, అమ్మ ఎండబెట్టి పంపిన వేపపువ్వు ఉగాది అయిన వారానికి పోస్టులో అందింది. పక్కింటి పిల్లలకు రుచి చూపించాను. అందరూ మొహం చిట్లించి, దాని పేరేమిటని అడిగారు.