ఓరుగల్లు కోటలో నడిమి చోటు

ప్రదర్శనశాల యనగానే గాజు బీరువాలును, వానిలో నాణెములును మనకు స్ఫురించును. ఓరుగల్లు చరిత్రను చూడగోరువారు మాత్రము ఆకాశమే కప్పుగా గల శాలలో నడువవలెను.

కోట నడుమ నాలుగు దిక్కుల నాలుగు శిలాతోరణములు నిలిచియున్నవి. వీని చిత్రము నెరుగని విద్యార్థి యుండడు. 2014లో తెలంగాణ రాజచిహ్నమున సయితము కాకతీయ తోరణమునకు చోటు దక్కినది. కాని చిత్రములలో కానరానిది వాని నడిమి చోటు. తోరణములు ద్వారములు మాత్రమే. అవి దారి చూపిన స్వయంభూదేవాలయము నేడు లేదు. దాని కంబములు, దూలములు, పద్మములు చెక్కిన పైకప్పు పలకలు, నందులు నేలపై వరుసలు తీరియున్నవి.

పిల్లలను తోరణము క్రింద నిలిపి ఛాయాచిత్రము తీసికొని మరలిపోవు బృందములే యెక్కువ. ఉపాధ్యాయులు గంటసేపు వారిని ఈ శకలముల నడుమ విడిచినచో బాగుండును. ఏ రాయి యే రాతిపై కూర్చుండెనో వెదకుటకు మించిన చరిత్రపాఠము లేదని నా తలంపు.

అప్పుడు పిల్లలు తప్పక అడుగుదురు: "దీనిని ఎవరు పడగొట్టిరండీ?" ఈ ప్రశ్నను దాటవేయరాదు, కోపము రగిలించుటకు వాడుకొనను రాదు. గణపతిదేవుడు, రుద్రమదేవి కట్టించిన కోటను 1310లో మాలిక్ కాఫర్ ముట్టడించి, కప్పము గైకొని మరలెను. 1323లో ఢిల్లీ సేనలతో వచ్చిన ఉలూఘ్ ఖాన్ ప్రతాపరుద్రుని బందీగా పట్టుకొనెను. ఆలయము కూలినది ఆ విజేతల యేలుబడిలోనే. మరి తోరణముల నేల విడిచిరి? వానిపై దేవతామూర్తులు లేవు. హంసలు, పూమొగ్గలు, వ్రేలాడు దండలు మాత్రమే కలవు. అదియే కారణమని కొందరందురు.

పడమటగా కొద్ది దూరమున ఖుష్ మహల్ కలదు. ఏటవాలు గోడలు, కొనదేరిన కమానులు గల ఈ సభామందిరమును షితాబ్ ఖాన్ కట్టించెనని పూర్వులు వ్రాసిరి. కట్టడపు తీరును బట్టి ఇది పదునాలుగవ శతాబ్దపు తుగ్లక్ కాలమునాటిదని తరువాతి పండితులు నిర్ణయించిరి. కోటలో దొరకిన విగ్రహములు కొన్ని నేడు ఈ కమానుల నీడనే భద్రముగా నున్నవి. గైడులు షితాబ్ ఖాన్ పేరు చెప్పి ముందుకు నడుతురు. అతని అసలు పేరు సీతాపతి. 1504 నాటి అతని శాసనము ఓరుగంటిలోనే కలదు. తురుష్కులు తొలగించిన దేవతను మరల ప్రతిష్ఠించినట్లు అందు చెప్పుకొనెను.